దీవితొండయు, చెట్ల లెక్కయు

తొండ నెఱుగని తెలుగువాడు లేడు. పొలము కంచెమీదనో, తుమ్మమొద్దుమీదనో మెడ యెత్తి తల యాడించుచు కూర్చుండు నా జంతువును మనము నిత్యమును చూచుచునే యున్నాము. తొండ ముదిరి ఊసరవెల్లి యైనదను సామెతను ఎవరిమీదనైనను ప్రయోగింపని పల్లె యుండదు. అయినను ఈ తొండకు దాయాది యనదగిన ప్రాణి యొకటి బంగాళాఖాతమున కావలి దీవులలో కలదనియు, అది ప్రపంచమున మఱి యెచ్చటను లేదనియు మనలో పెక్కండ్రకు తెలియదు. రేవులు, విమానాశ్రయములు, దేశరక్షణము మున్నగు ఘనవిషయములకు ఉద్దేశింపబడిన ఈ పుటలో ఒక తొండకు చోటిచ్చితిమని కొందఱు పాఠకులు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు మా మాట కొంచెము వినవలయునని కోరుచున్నాము. ఏలయన, మేము చెప్పబోవునది రేవును గుఱించియే.

అండమాను, నికోబారు ద్వీపములయందలి అడవులలో నివసించు ఈ ప్రాణికి శాస్త్రజ్ఞులు కోరిఫోఫైలాక్స్ సబ్‌క్రిస్టేటస్ అని పేరిడిరి. నోరు తిరుగని ఆ పేరును వారికే విడిచి, మనము దీవితొండ యని పిలుచుకొందము. ఇది చేరిన ప్రజాతి యంతయు ఆ ద్వీపములకే పరిమితము. అందు ఒక్కటే జాతి కలదని చిరకాలము అందఱు నమ్మియుండిరి. 2012లో అండమాను అడవులనుండియే పొట్టితోక గల రెండవ జాతిని మన దేశపు పరిశోధకులు కనుగొని ప్రకటించిరి. నూటయేబది సంవత్సరములుగా ఎఱిగితిమనుకొన్న అడవిలో ఎఱుగనిది ఎదుటనే కూర్చుండి యుండెనన్నమాట.

దీవితొండ యొడలు బెత్తెడుకంటె కొంచె మెక్కువ. తోక అందుకు రెట్టింపునకు తక్కువ కాదు. రంగు చెట్టు బెరడునకు సరిపోవును. మగదానికి మెడమీద చిన్న శిఖయు, గొంతుక్రింద తిత్తియు నుండును. పగటివేళ ఇది మాను మొదటిభాగమున, ఇంచుమించు మనుష్యుని యెత్తులోపలనే, బెరడును కఱచుకొని నేలను చూచుచుండును. రాలిన ఆకులపై చీమయో పురుగో కదలినచో దిగి పట్టి మఱల మాను చేరును. మనము దగ్గఱకు పోయినచో మాను చుట్టు తిరిగి ఆవలివైపున దాగును. మనమును తిరిగినచో అదియు తిరుగును. చీకటి పడినపిమ్మట మాత్రము మాను విడిచి, క్రింద పెరుగు సన్నని మొక్కల కొమ్మలమీదను ఆకులమీదను నిద్రించును. పాము ప్రాకివచ్చినచో సన్నకొమ్మ ముందుగా కదలి దానిని మేలుకొలుపునని శాస్త్రజ్ఞుల యూహ.

అందుచేత ఈ స్వల్పజీవికి పగటికి మాను కావలయును, ఆహారమునకు ఆకులు పఱచిన తడినేల కావలయును, రాత్రికి పిల్లమొక్కల పొద కావలయును. ఇందులో ఏ యొక్కటి పోయినను తక్కిన రెండును దానికి నిరుపయోగములే. మనము అడవియనగా పైనుండి చూచెడు పచ్చదనమును తలంతుము. దీవితొండకు అడవి యనగా నేలనుండి రెండు నిలువుల యెత్తులోపలనున్న నీడ.

ఈ తొండ శాస్త్రగ్రంథముల కెక్కిన కాలము గమనింపదగినది. 1858 మార్చిలో ఆంగ్లేయులు 200 మంది ఖైదీలను ఓడపై కొనిపోయి పోర్టుబ్లెయిరు తీరమున దింపిరి. వారిచేత చేయించిన మొదటిపని అడవి నఱకించుట. అటుపిమ్మట రెండు మూడేండ్లకే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వస్తుప్రదర్శనశాలకు పాలకుడుగా నుండిన ఎడ్వర్డు బ్లైత్ ఈ తొండను వర్ణించి లోకమునకు తెలియజేసెను. సంకెళ్ల చేతులతో చెట్టు కొట్టించినదియు, ఆ యడవి ప్రాణికి లాటిను పేరు పెట్టినదియు ఒక్క పాలనమే. మన తెలుగునాట ద్వీపాంతరమను మాట వినినంతనే పాతతరమువారి గుండె ఝల్లుమనెడిది. రంప పితూరీదారులలో కొందఱు ఆ దీవులకు పంపబడినవారే. వారు నఱకిన చెట్లను గుఱించి లెక్కలున్నవో లేవో కాని, నఱికినవారి కథ మనకు చాలవఱకు పోయినది.

1883లో అండమానులకు అటవీశాఖ యేర్పడెను. చాతాము దీవిలో కఱ్ఱమిల్లు వెలసెను. ఎఱ్ఱని పాదౌకు కలప ఐరోపాకు పోయెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను గొడ్డలికి విశ్రాంతి లభింపలేదు. తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులకు భూములీయవలసి వచ్చెను. అది న్యాయమైన అవసరము, దానిని మేము తప్పుపట్టము. కలప వ్యాపారమునకు మాత్రము అట్టి న్యాయమేమియు లేదు. తుదకు 2002 మే నెలలో సుప్రీముకోర్టు సహజారణ్యములను వ్యాపారార్థము నఱకుటను నిలిపివేయు ఉత్తరువు నిచ్చుటచేత మిగిలినది మిగిలినది.

ఇది గొడ్డలి కథ. గొడ్డలి పడని దీవులలో ఏమి జరిగెనో అంతకంటె ముఖ్యముగా తెలిసికొనదగినది.

ఇరువదవ శతాబ్దపు తొలికాలమున ఆంగ్లేయులు వేటవినోదమునకును, కంటికింపునకును మనదేశమునుండి పొడజింకలను తీసికొనిపోయి అండమానులలో విడిచిరి. ఆ దీవులలో పెద్దపులి లేదు, చిఱుతపులి లేదు, రేసుకుక్క లేదు. జింకకు శత్రువు లేనప్పుడు సంతానమునకు హద్దేమి? అదియునుగాక జింక యీదగలదు. ఒక దీవినుండి మఱియొక దీవికి ఉప్పుకాలువ లీదుకొని పోయి పెక్కుచోట్ల స్థిరపడినది. అది మహావృక్షముల నేమియు చేయలేదు. నేలకు దగ్గఱగా నున్న లేతచిగురును, ఆ యేడు మొలచిన పిల్లమొక్కను, మోకాలి యెత్తు పొదను మాత్రము తినినది. మఱుసటి యేడును తినినది. అట్లు నూఱేండ్లు తినినది.

జింకలున్న దీవులను, లేని దీవులను సరిపోల్చి చేసిన పరిశోధన యొకటి 2016లో ప్రకటింపబడినది. జింకలున్నచోట అడవి క్రింది మొక్కలు పలుచబడినవి. అట్లు పలుచబడినచోట నేలపైనను, చిన్నమొక్కలపైనను బ్రతుకు తొండలును బల్లులును తఱిగిపోయినవి. జింక తొండను తినదు, దానిని తఱుమదు, అది యున్నదనియే దానికి తెలియదు. తొండ పండుకొను పాన్పును తిని, తొండ దాగు చాటును తిని, తొండ మేత పెరుగు నేలను ఎండకు విడిచినది. ఇంతయు జరిగినను, విమానమునుండి ఛాయాపటము తీసినచో ఆ దీవి నిండుపచ్చగానే కనబడును. అమీనా పోయి చెట్టు చెట్టునకు సున్నపుగీత పెట్టి లెక్క తీసినచో ఒక్కటియు తగ్గియుండదు.

ఇంటర్వ్యూ దీవిలో జరిగినదియు ఇట్టిదే. కలకత్తా కలప కంపెనీ యొకటి మొద్దులు లాగించుటకు ఏనుగులను అక్కడకు తీసికొనిపోయి, వ్యాపారము చెడిన పిమ్మట 1962 ప్రాంతమున సుమారు 40 ఏనుగులను అచ్చటనే విడిచిపోయినది. అవి అడవి ఏనుగులైనవి. చెట్ల బెరడొలిచి, వెదురును పేమును తినివేసినవి. దివాలా తీసిన వర్తకుని యప్పును అడవి తీర్చవలసి వచ్చినది.

ఈ పూర్వకథను మనస్సునందుంచుకొని గ్రేటు నికోబారు విషయమునకు వత్తము. అది మన దేశమున కెల్ల దక్షిణపు కొన. సుమారు 910 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము. నూటికి తొంబదిపాళ్లకు తక్కువ గాకుండ దట్టమైన వర్షారణ్యము. అచ్చటి వృక్షములును జంతువులును మన తీరమునకంటె సుమత్రాకు దగ్గఱి చుట్టములు. 1973లో జూలాజికల్ సర్వే శాస్త్రజ్ఞులు తివారీ, బిశ్వాస్ అనువారు ఆ దీవినుండియే చెట్లపై నివసించు పచ్చని తొండ నొకదానిని కొత్తజాతిగా వర్ణించిరి. 1989లో ప్రభుత్వము ఆ దీవిని జీవావరణ రక్షితప్రదేశముగా ప్రకటించెను. 2013లో యునెస్కో దానిని తన పట్టికలో చేర్చెను. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున ఆ దీవి దక్షిణాగ్రము నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, దీపస్తంభము మొదలు సముద్రములో మునిగినది. అట్టి నేలపై ఇప్పుడు మహానిర్మాణము తలపెట్టబడినది.

గలతియా అఖాతమున ఏటికి 1 కోటి 42 లక్షల పెట్టెల సరకును ఓడనుండి ఓడకు మార్చగల రేవు, విమానాశ్రయము, విద్యుత్కేంద్రము, పట్టణము నిర్మింపబడవలయునని సంకల్పము. ఆ యఖాతమునందలి అభయారణ్యమునకు 2021 జనవరిలోనే ఆ హోదా తొలగింపబడినది. 2022 అక్టోబరులో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించుటకు తొలిదశ యనుమతియు, నవంబరులో పర్యావరణానుమతియు లభించినవి. పోవు చెట్లు ఎన్ని యని ప్రశ్నింపగా మొదట ఎనిమిదిన్నర లక్షలని కాగితములలో నుండెను. 2023లో పార్లమెంటునకు చెప్పినది 9 లక్షల 64 వేలు. సంవత్సరము తిరుగకమునుపే లక్షకుపైగా చెట్లు పెరిగినవి! ఈ లెక్క ఇంకను పెరుగునని కొందఱు వృక్షశాస్త్రజ్ఞుల వాదము. మేము ఆ వివాదములోనికి దిగము. లెక్క సరియైనదే యనుకొందము. లెక్కించిన వస్తువు సరియైనదా యనునదియే మా ప్రశ్న.

జింకల దీవులలో చెట్టు నిలిచియుండగనే తొండ పోయినది. చెట్టును లెక్కించినచో తొండకు కలిగిన నష్టము తెలియదని ఆ దీవులే మనకు సాక్ష్యము చెప్పుచున్నవి. అట్టిచో చెట్టే పోవునప్పుడు, దానితోపాటు నేలపైని నీడయు, ఆకుపఱుపును, పిల్లమొక్కయు పోవునప్పుడు, చెట్ల సంఖ్యను పార్లమెంటు బల్లపై పెట్టి అడవి లెక్క చెప్పితిమనుట ఎట్లు? నఱకగా మిగిలిన భాగమును గుఱించియు ఇదే చెప్పవలయును. బాట వేయగానే బాటకిరువైపుల ఎండ లోపలికి చొచ్చును, నేల ఎండును, ఊరికుక్కయు పిల్లియు మేకయు ప్రవేశించును. నీడలో బ్రతుకు ప్రాణికి బాట వెడల్పు ఇంజనీరు గీచినంత కాదు, ఎండ పోయినంత.

ఇక పరిహారము సంగతి. పోవు అడవికి బదులు హర్యానా రాష్ట్రమున చెట్లు నాటింతురట! ఈ మాట విని మా పాఠకులలో భూవసతి గలవారేమందురో తెలిసికొన గోరుచున్నాము. కోనసీమలో తాతలు వేసిన కొబ్బరితోట కాలువక్రింద పోవుచున్నదని సర్కారు నోటీసు వచ్చినదనుకొందము. దానికి బదులు ఎక్కడనో మెట్టతాలూకాలో కొబ్బరిమొక్కలకు సరిసంఖ్యగా తుమ్మమొక్కలు పాతించెదమని కలెక్టరు సెలవిచ్చినచో రైతు ఊరకుండునా? తోటకే ఇట్లుండగా, ఎవరును నాటని అడవి మాట యేమి? మన సముద్రతీరమున సరుగుడుతోటలు క్రోసులకొలది కలవు. వంటచెఱకునకును, గాలికి అడ్డముగాను అవి యుపయుక్తములే. అందు నడిచి చూచినవారికి తెలియును: పైన చెట్టు, క్రింద ఎండుసూదులు, నడుమ ఏమియు లేదు. వర్షమే కరువైన హర్యానా మైదానమున నాటిన చెట్టు హర్యానాకు మేలు చేయును, చేయనిండు. కాని సంవత్సరమునకు మూడువందల సెంటీమీటర్లకు చేరువ వాన కురియు నికోబారు దీవి తొండకు అది పరిహారమనుట ధర్మశాస్త్రమునకుగాని, వ్యవహారశాస్త్రమునకుగాని లొంగని మాట.

దేశరక్షణము మాటయో? దానిని మేము తేలికగా త్రోసివేయువారము కాము. మలక్కా జలసంధి వాకిట మనకు కన్నును చేయియు నుండవలసినదే. కాంబెలుబేలో నౌకాదళపు విమానస్థావరము 2012నుండి కలదు. దానిని బలపఱుచుటకు ఎవరును అడ్డుచెప్పుట లేదు. మన సరకు కొలంబోలోను సింగపూరులోను ఓడ మాఱుచు పరులకు లాభము కలిగించుచున్నదనుటయు నిజమే. కాని సైన్యమునకు కావలసిన నేల వేఱు, వర్తకపు రేవునకును విలాసపట్టణమునకును కావలసిన నేల వేఱు. ఒకదాని పేరుచెప్పి రెండవదానికి దారి తీయుట ప్రజలకు నిజము చెప్పుట కాదు. సైన్యమునకింత, వర్తకమునకింత యని విడదీసి లెక్క చెప్పినచో, దేనికెంత త్యాగము తగునో ప్రజలే నిర్ణయింపగలరు.

ఆ దీవిలో తొండలే కాదు, మనుష్యులును కలరు. షోంపెనులను ఆదిమజాతివారు 2011 లెక్కలలో 229 మంది. వారికి అడవియే ఇల్లు, అడవియే గాదె. సునామీచేత తీరము విడువవలసివచ్చిన నికోబారీయులు తమ పూర్వగ్రామములకు పోవలయునని కోరుచున్నారు. వారి గిరిజనమండలి 2022 ఆగస్టులో ఆక్షేపణ లేదని వ్రాసియిచ్చి, విషయము పూర్తిగా తెలిసిన పిమ్మట నవంబరులో ఆ పత్రమును వెనుకకు తీసికొన్నది. సంతకము పెట్టించుకొన్న పత్రము చెల్లినదిగాని, వెనుకకు తీసికొన్న పత్రము ఎవరి చెవికి ఎక్కెనో తెలియరాదు.

ఇందులో తెలుగువారికేమి సంబంధమని అడుగువారుందురు. 2011 జనాభా లెక్కలలో ఆ ద్వీపవాసులలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల బెస్తకుటుంబములెన్నియో అచ్చట స్థిరపడినవి. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరునకు మన విశాఖనుండి ఓడ పోవుచుండుట వృద్ధులైన పాఠకులెఱుగుదురు. అచ్చటకు చుట్టపుచూపుగా పోయి వచ్చినవారు, తొండలకు కొదవయేమి, బజారు గోడలమీదనే కలవుకదా యని మాతో వాదింపవచ్చును. వారు చూచినది మన కంచెతొండ. అదియు మనుష్యులతోపాటు పెద్దభూమినుండి అక్కడకు చేరి, అడవి కొట్టిన బీళ్లలోను తోటలలోను హాయిగా బ్రతుకుచున్నది. అడవి పోయినకొలది దాని రాజ్యము పెరుగును. మన తొండ కంచెమీద తల యాడించుట చూచి దీవితొండ క్షేమముగా నున్నదనుకొనుట, పొరుగువాడు ఇంట చేరి దీపము పెట్టుట చూచి ఇంటివాడు సుఖముగా నున్నాడనుకొనుట వంటిది.

కావున మేము కోరునది నిర్మాణమునకు శాశ్వతనిషేధము కాదు. రక్షణకు అగత్యమైన భాగమును వేఱుచేసి, తక్కిన దానికై ఒక్క చెట్టును నఱకకముందే, ఆ దీవిలోని మానునంటి బ్రతుకు ప్రాణులను నేలనుండి కొమ్మచివరవఱకు, పగలును రాత్రియు, వానకారునను ఎండకారునను పరిశీలించి లెక్క ప్రకటింపవలయును. రాత్రివేళ లాంతరు పట్టుకొని తిరిగినచో నిద్రించు తొండలను లెక్కించుట సులభము. ఇందులకు కోట్లు వ్యయము కానక్కఱలేదు. పరిహారముగా ఖర్చుపెట్టదలచిన ధనమును హర్యానాకు గాక ఆ ద్వీపములకే వినియోగింపవలయును. అండమానుల జింకలను తగ్గించి, కొన్ని దీవులనుండి పూర్తిగా తొలగించి, పిల్లమొక్కలకు మఱల తల యెత్తుటకు వీలు కల్పించుటయే ఆ ధనమునకు తగిన పని. జింకల సంరక్షణము చట్టముచేత కట్టుదిట్టమై యున్నదందురు. మనుష్యుడు తెచ్చి విడిచినదానిని మనుష్యుడే తీయుటకు ఆ చట్టము అడ్డమగునేని, దానిని సవరింపవలసినది పార్లమెంటే.

మన రెండు తెలుగు రాష్ట్రములనుండి ఆ సభకు ఎన్నికైనవారు నలుబదియిద్దఱు కలరు. వారిలో ఒక్కరైనను లేచి మంత్రిగారిని ఇట్లడుగవలయునని కోరుచున్నాము: చెట్లు 9 లక్షల 64 వేలని చెప్పితిరి, వానిక్రింద ఏమున్నదో చూచి వచ్చినవారెవరు, ఏ నెలలో చూచిరి, రాత్రి చూచిరా?